ఫాంటసీ ఫుట్‌బాల్‌లో సీజను తొలి వారాల అంచనా

ఫాంటసీ ఫుట్‌బాల్ అనగా నిజమైన ఫుట్‌బాల్ పోటీలలో ఆడే క్రీడాకారులతో ఒక ఊహాజట్టును కూర్చుకొని, వారు మైదానంలో చేసిన పనిని బట్టి పాయింట్లు పొందే ఆట. అమెరికాలో ఈ పేరు అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌కు చెందిన ఆటకు వర్తిస్తుంది. భారతదేశంలోను, ఐరోపాలోను సాకర్‌కు సంబంధించినదిగా వాడతారు. ఈ వ్యాసం రెండవదాని గురించి. ఈ ఆటలో అన్నిటికంటె చిక్కైన కాలం సీజనులోని మొదటి నాలుగైదు వారాలు. అప్పటికి చేతిలో ఉండే సమాచారం తక్కువ, నిర్ణయం తీసుకోవాలన్న తొందర ఎక్కువ. రెండు మూడు మ్యాచ్‌లలో మెరిసిన ఆటగాడు నిజంగా మెరుగయ్యాడా, లేక అదృష్టం కలిసివచ్చిందా అని తేల్చుకోవడమే తొలి వారాల అంచనాలోని ముఖ్య సమస్య. భారతదేశంలో ఈ ప్రశ్నకు న్యాయపరమైన ప్రాముఖ్యం కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ ఆటలు నైపుణ్య క్రీడలా, జూదమా అన్న వివాదం దీని చుట్టూనే తిరిగింది.

చరిత్ర

ఊహాజట్ల ఆట 1962లో అమెరికాలోని ఓక్‌లాండ్‌లో మొదలయింది. బిల్ వింకెన్‌బాక్ అనే వ్యాపారి, కొందరు పాత్రికేయులు కలిసి మొదటి లీగును ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లండులో 1990లలో పత్రికల ద్వారా వ్యాపించింది. ఇంగ్లీషు ప్రీమియర్ లీగు అధికారికంగా నడిపే ఫాంటసీ ప్రీమియర్ లీగు 2002–03 సీజనులో మొదలయింది. ఇది ఉచితం. 2022–23 నాటికి దీనిలో కోటి మందికి పైగా జట్లు నమోదు చేసుకున్నారు. భారతదేశంలో 2008లో స్థాపించబడిన డ్రీమ్11 సంస్థ క్రికెట్‌తో పాటు ఫుట్‌బాల్, కబడ్డీలకు కూడా డబ్బు పోటీలు నడిపింది.

పాయింట్ల పద్ధతి

ఫాంటసీ ప్రీమియర్ లీగులో ఒక్కొక్కరికి 10 కోట్ల ఊహాపౌండ్లు ఇస్తారు. దానితో ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు, మొత్తం 15 మందిని కొనాలి. ఒకే క్లబ్బు నుండి ముగ్గురికి మించి తీసుకోరాదు. 60 నిమిషాలు ఆడితే 2 పాయింట్లు. గోల్ చేస్తే ఫార్వర్డ్‌కు 4, మిడ్‌ఫీల్డర్‌కు 5, డిఫెండర్‌కు 6 పాయింట్లు. గోల్‌కు దారితీసిన అసిస్టుకు 3. గోల్ ఇవ్వకుండా మ్యాచ్ ముగిస్తే (దీనిని క్లీన్ షీట్ అంటారు) గోల్‌కీపర్‌కు, డిఫెండర్‌కు 4 పాయింట్లు చొప్పున వస్తాయి. కెప్టెన్‌గా ఎంచుకున్న ఆటగాడి పాయింట్లు రెట్టింపవుతాయి. 2025–26 నుండి బంతిని అడ్డుకోవడం, టాకిల్ చేయడం వంటి రక్షణ పనులకు కూడా పాయింట్లు చేర్చారు.

వారానికి ఒక ఆటగాడిని ఉచితంగా మార్చుకోవచ్చును. అంతకు మించి మార్చే ప్రతి ఆటగాడికీ 4 పాయింట్లు కోత పడుతుంది. అంటే తొలి వారాల్లో తొందరపడి ముగ్గురిని మార్చినవాడు ఎనిమిది పాయింట్లు పోగొట్టుకొని బయలుదేరుతాడు. దీనికి తోడు, ఎక్కువమంది కొంటున్న ఆటగాడి వెల కొద్దికొద్దిగా పెరుగుతుంది. అందరూ కొంటున్నారు, ఇప్పుడు కొనకపోతే రేపు వెల పెరుగుతుంది అన్న భయమే ఈ ఆటలో తప్పుడు నిర్ణయాలకు అన్నిటికంటె పెద్ద కారణమని చెప్పవచ్చును.

మొదటి మ్యాచ్‌ల మాయ

2019–20 సీజనులో నార్విచ్ సిటీ క్లబ్బుకు ఆడిన ఫిన్లాండు ఫార్వర్డ్ టీము పుక్కి మొదటి మూడు మ్యాచ్‌లలో ఐదు గోల్స్ చేశాడు. అందులో న్యూకాసిల్‌పై ఒకే మ్యాచ్‌లో చేసినవి మూడు. ఆ ఆగష్టు నెలకు లీగు ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికే దక్కింది. సీజను ముగిసేసరికి అతని మొత్తం గోల్స్ 11. అనగా మిగిలిన 33 మ్యాచ్‌లలో చేసినవి ఆరు మాత్రమే. నార్విచ్ ఆ ఏడు అట్టడుగున నిలిచి కింది లీగుకు పడిపోయింది. 2021–22లో వెస్ట్ హామ్ ఆటగాడు మికైల్ ఆంటోనియో కూడా మొదటి మూడు మ్యాచ్‌లలో నాలుగు గోల్స్ చేసి, మొత్తం మీద పదితో ముగించాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ హ్యారీ కేన్. టోటెన్‌హామ్‌కు ఆడిన కాలంలో 2018 వరకు అతడు ప్రీమియర్ లీగులో ఆగష్టు నెలలో ఒక్క గోల్ కూడా చేయలేదు. అయినప్పటికీ 2015–16లో 25, 2016–17లో 29 గోల్స్ చేసి రెండేళ్ళూ లీగులో అత్యధిక గోల్స్ వీరుడిగా నిలిచాడు. ఆగష్టు చివర అతడిని వదులుకున్నవారు సీజనంతా చింతించి ఉంటారు.

అయితే తొలి మెరుపులన్నీ మాయ అనుకోవడం కూడా పొరపాటే. 2022–23లో మాంచెస్టర్ సిటీకి వచ్చిన ఎర్లింగ్ హాలండ్ మొదటి ఐదు మ్యాచ్‌లలో తొమ్మిది గోల్స్ చేశాడు. ఆ సీజనును 35 మ్యాచ్‌లలో 36 గోల్స్‌తో ముగించి లీగు రికార్డు నెలకొల్పాడు. పుక్కికీ హాలండ్‌కూ ఆగష్టులో తేడా తెలియడం గోల్స్ పట్టికను చూసి సాధ్యం కాదు. తేడా వేరొక చోట ఉంది.

ఒక్క మ్యాచ్ మొత్తం లెక్కను ఎంతగా మార్చివేస్తుందో కామారెడ్డి జిల్లా వారికి వర్షపాతం పట్టికను చూపి చెప్పవచ్చును. 2025 ఆగష్టు 27–28 తేదీలలో ఈ జిల్లాను వరదలు ముంచెత్తినప్పుడు రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆ నెల మొత్తాన్ని 31తో భాగించి సగటు తీస్తే వచ్చే సంఖ్య ఆ నెలలో ఏ రోజునూ సరిగా వర్ణించదు. మూడు మ్యాచ్‌లకు ఐదు గోల్స్ అన్న పుక్కి సగటు కూడా అటువంటిదే.

ముందుగా చూడవలసినవి

గోల్ అరుదైన సంఘటన. ప్రీమియర్ లీగులో సుమారు పది షాట్లకు ఒకటి గోల్ అవుతుంది. అరుదైన దానిని మూడు వారాలు లెక్కపెట్టి ఏమీ తెలుసుకోలేము. తరచుగా జరిగే వాటిని లెక్కపెడితే కొంత తెలుస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు మొదట చూసేది ఆడిన నిమిషాలు. శిక్షకుడు ఒక ఆటగాడిని వరుసగా మూడు మ్యాచ్‌లలో చివరిదాకా ఉంచాడంటే అది అతని ఉద్దేశాన్ని తెలిపే సాక్ష్యం. అందులో అదృష్టం పాలు తక్కువ. 25 నిమిషాలు ఆడి రెండు గోల్స్ చేసిన ప్రత్యామ్నాయ ఆటగాడి కంటె 270 నిమిషాలు ఆడి గోల్ చేయని ఫార్వర్డ్ సాధారణంగా నమ్మదగినవాడు.

తరువాతది మైదానంలో అతని స్థానం. ఆట నిర్వాహకులు సీజనుకు ముందే ప్రతి ఆటగాడికీ ఒక వర్గం కేటాయిస్తారు. మైదానంలో అతడు ఆడే స్థానం వేరుగా ఉండవచ్చును. 2019–20లో షెఫీల్డ్ యునైటెడ్‌కు చెందిన జాన్ లండ్‌స్ట్రమ్‌ను డిఫెండర్‌గా, అత్యల్ప వెలకు నమోదు చేశారు. అతడు ఆడినది మిడ్‌ఫీల్డ్‌లో. క్లీన్ షీట్ పాయింట్లు డిఫెండర్ లెక్కన, గోల్ అవకాశాలు మిడ్‌ఫీల్డర్ లెక్కన వచ్చాయి. ఇది మొదటి వారంలోనే కళ్ళకు కనబడిన విషయం. దీనికి పెద్ద గణాంకాలు అక్కరలేదు, మ్యాచ్ చూస్తే చాలు.

పెనాల్టీలు ఎవరు కొడతారన్నది కూడా తొందరగానే తేలుతుంది. పెనాల్టీలలో నాలుగింట మూడు వంతులకు పైగా గోల్స్ అవుతాయి కనుక ఈ బాధ్యత ఉన్న ఆటగాడి విలువ వేరు.

చివరిగా 'అంచనా గోల్స్' అనే కొలత. ప్రతి షాట్‌నూ అది కొట్టిన దూరం, కోణం వంటి వాటిని బట్టి గతంలోని అటువంటి షాట్లతో పోల్చి, గోల్ అయ్యే సంభావ్యతను 0 నుండి 1 వరకు ఇస్తారు. వాటిని కూడితే ఆ ఆటగాడికి దక్కిన అవకాశాల విలువ వస్తుంది. దీనిని క్లుప్తంగా ఎక్స్‌జి అంటారు. ఫాంటసీ ప్రీమియర్ లీగు 2022–23 నుండి ఈ అంకెలను తానే ప్రచురిస్తున్నది. గోల్స్ ఎక్కువగా, ఎక్స్‌జి తక్కువగా ఉన్నవాడిని అనుమానించాలి. గోల్స్ లేకున్నా ఎక్స్‌జి ఎక్కువగా ఉన్నవాడి కోసం మరికొన్ని వారాలు వేచి ఉండవచ్చును. ఐతే మూడు మ్యాచ్‌ల ఎక్స్‌జి కూడా ప్రత్యర్థుల బలాన్ని బట్టి మారుతుంది. మొదటి ముగ్గురు ప్రత్యర్థులూ బలహీనులైతే ఆ అంకెకు అంత విలువ ఇవ్వరాదు.

పాత సమాచారంతో కలిపి లెక్కించడం

సీజనుకు ముందు ఉన్న అంచనాను పూర్తిగా వదిలివేయకుండా, కొత్త మ్యాచ్‌లను దానికి చేర్చి లెక్కించడం సరైన పద్ధతి. ఉదాహరణకు పాత అంచనాకు పది మ్యాచ్‌ల బరువు ఇద్దాము. పుక్కి అంతకు ముందు ఏడు కింది లీగులో 29 గోల్స్ చేశాడు. పై లీగు కష్టం కనుక మ్యాచ్‌కు 0.4 గోల్ అని అనుకుందాము. పది మ్యాచ్‌లకు నాలుగు గోల్స్, కొత్తవి ఐదు, మొత్తం తొమ్మిది. దీనిని 13తో భాగిస్తే 0.69 వస్తుంది. పట్టికలో కనబడుతున్న 1.67 కంటె ఇది చాలా తక్కువ. నిజానికి అతడు ఆ తరువాత సాధించినది మ్యాచ్‌కు 0.18 మాత్రమే. హాలండ్‌కు పాత అంచనా 0.8 అనుకుంటే (8+9)ను 15తో భాగించగా 1.13 వస్తుంది. అతడు మిగిలిన 30 మ్యాచ్‌లలో 27 గోల్స్ చేశాడు, అంటే 0.9. పాత అంచనాలు, పది అన్న బరువు ఇక్కడ ఉదాహరణ కోసం తీసుకున్నవే. కాని రెండు సందర్భాలలోనూ ఈ లెక్క పట్టిక కంటె నిజానికి దగ్గరగా ఉంది, రెండు సందర్భాలలోనూ కొంత ఎక్కువే చెప్పింది. తేడా అంతా పాత అంచనాలో ఉంది. ఆగష్టులో ఆటగాడిని అంచనా వేసేవాడు చదవవలసినది ఎక్కువగా గత రెండేళ్ళ చరిత్రనే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో వానాకాలం సాగు చేసేవారికి ఈ తర్కం కొత్తది కాదు. మృగశిర కార్తెలో పడిన ఒక్క వానను నమ్మి మక్కలు విత్తితే, తరువాత వాన మొహం చాటేసినప్పుడు మళ్ళీ విత్తనాలు కొనవలసి వస్తుంది. ఫాంటసీ ఆటలో ఈ రెండవ విత్తుకు 'వైల్డ్ కార్డ్' అని పేరు. దానితో పాయింట్లు పోకుండా జట్టంతా మార్చుకోవచ్చును. సీజను ప్రతి సగానికీ ఒకటే ఇస్తారు కనుక రెండవ వారంలోనే వాడుకున్నవారికి డిసెంబరు దాకా వేరొకటి ఉండదు.

తెలంగాణ నుండి ఆడేవారికి గడువు వేళలు

ప్రతి వారం మొదటి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు జట్ల మార్పులకు గడువు ముగుస్తుంది. ఇంగ్లండులో వేసవి వేళలు అమలులో ఉన్న ఆగష్టు, సెప్టెంబరు నెలలలో శనివారం మధ్యాహ్నం 12:30 మ్యాచ్ భారత కాలమానంలో సాయంత్రం 5 గంటలకు మొదలవుతుంది. గడువు 3:30కు ముగుస్తుంది. శుక్రవారం రాత్రి 8 గంటల మ్యాచ్ ఉన్న వారంలో గడువు మన రాత్రి 11 గంటలు. అక్టోబరు చివర అక్కడి గడియారాలు మారిన తరువాత ఇవన్నీ గంట ఆలస్యమవుతాయి. తుది జట్లు గడువు ముగిసిన తరువాతే వెల్లడవుతాయి కనుక నిమిషాల గురించిన అంచనా ఎప్పుడూ కొంత ఊహే.

భారతీయ లీగులలో

సీజను పొడవును బట్టి తొలి వారాలు అన్న మాటకు అర్థం మారుతుంది. ప్రీమియర్ లీగులో ఒక్కొక్క జట్టుకు 38 మ్యాచ్‌లు. ఇండియన్ సూపర్ లీగు 2021–22లో లీగు దశలో 20 మాత్రమే. ఆ సీజనును హైదరాబాదు ఎఫ్.సి. చెన్నైయిన్ చేతిలో 0–1 ఓటమితో మొదలుపెట్టి, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో గెలిచి కప్పు సాధించింది. ఆ జట్టు ఫార్వర్డ్ బార్తలోమ్యు ఓగ్బెచె 18 గోల్స్ చేశాడు. (ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది.) 2024–25 ఇండియన్ మహిళల లీగులో జట్టుకు 14 మ్యాచ్‌లే. ఆ సీజనుకు భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైన ఈస్ట్ బెంగాల్ ఫార్వర్డ్ గుగులోత్ సౌమ్య నిజామాబాదు జిల్లాకు చెందినది. కామారెడ్డి, ఎల్లారెడ్డిలు కూడా 2016 అక్టోబరు వరకు ఆ జిల్లాలోనివే. 14 మ్యాచ్‌ల లీగులో మూడు మ్యాచ్‌లు అయ్యేసరికి అయిదవ వంతు గడిచిపోతుంది. నిలకడ కోసం వేచి ఉండే వ్యవధి అక్కడ లేదు.

నైపుణ్యమా, అదృష్టమా

ఈ ప్రశ్న భారత న్యాయస్థానాలలో ఫాంటసీ ఆటల కంటె ముందే, తెలుగు ప్రాంతం నుండే మొదలయింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై పెట్టిన కేసులో 1967 నవంబరులో సుప్రీం కోర్టు, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకొని ఆడవలసి ఉంటుంది కనుక అది ప్రధానంగా నైపుణ్య క్రీడ అని తీర్పు చెప్పింది. 2017లో పంజాబ్, హర్యానా ఉన్నత న్యాయస్థానం డ్రీమ్11 ఆటనూ నైపుణ్య క్రీడగానే పరిగణించింది. తెలంగాణ ప్రభుత్వం అదే సంవత్సరం వేరే దారి పట్టింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలకు నైపుణ్యం పేరున ఉన్న మినహాయింపును తొలగించింది. ఆంధ్ర ప్రదేశ్ 2020లో ఇటువంటి నిషేధమే తెచ్చింది.

ఆటగాళ్ళ అంచనా దృష్టితో చూస్తే రెండు పక్షాల వాదనలోనూ కొంత నిజం ఉంది. 38 వారాల ఆటలో నిమిషాలు, స్థానం, అవకాశాలు చదవగలిగినవాడికి లాభం నెమ్మదిగా కూడుతుంది. కాని డబ్బు పోటీలలో ఎక్కువ భాగం ఒకే మ్యాచ్‌కు సంబంధించినవి. ఒక్క మ్యాచ్ ఆట అంటే ఎప్పటికీ మొదటి వారమే. అక్కడ సరిగా అంచనా వేసినవాడు కూడా ఒక గోల్‌పోస్టు తగిలిన బంతి వల్ల ఓడిపోతాడు. తప్పును సరిదిద్దుకోవడానికి తరువాతి వారం ఉండదు, పోయిన డబ్బు తిరిగి రాదు.

నిషేధం రాష్ట్ర చట్టంగా ఉన్నంత కాలం సరిహద్దు ఒక విచిత్రాన్ని సృష్టించింది. కామారెడ్డి జిల్లాలోని మద్నూర్‌లో చెల్లని పోటీ, సరిహద్దు దాటి మహారాష్ట్రలోని దెగ్లూర్‌కు వెళితే చెల్లేది. 2025 ఆగష్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. వెంటనే డ్రీమ్11 తన డబ్బు పోటీలను నిలిపివేసింది. ఫాంటసీ ప్రీమియర్ లీగు వంటి ఉచిత ఆటలకు ఈ నిషేధం వర్తించదు.