తాళము తీసిన పాత ఆటలు: పైరసీ పెరిగినదా, తగ్గినదా?

ఒక వస్తువు దొంగిలింపబడినచో అది యజమాని వద్ద మిగులదు. కంప్యూటరుపై ఆడెడి ఆట అట్టి వస్తువు కాదు. లోతుగా చూచినచో అది అంకెల వరుస మాత్రమే. అంకెలను ఎన్ని మారులు ఎత్తి వ్రాసినను మూలప్రతి తరుగదు. వేయవ నకలు కూడ మొదటి ప్రతితో సరిసమానముగనే ఉండును. ఈ గుణము వలన ఆటలు తయారుచేయు సంస్థలకు ఒక చిక్కు వచ్చినది. అనుమతి లేకుండ ప్రతులు తీసి పంచుటను, అమ్ముటను పైరసీ అందురు. దానిని ఆపుటకై ఆటలోనే ఇమిడ్చిన ఏర్పాటునకు నకలు నిరోధమని పేరు. సులభముగా చెప్పవలెనన్న, అది ఆటకు వేసిన తాళము.

తాళము తీసివేసి అమ్మినచో దొంగ ప్రతులు పెరుగునని ఎవరికైనను తోచును. కాని 2008లో పోలండు దేశములో ఆరంభమైన ఒక అంగడి, పాత ఆటలను ఏ తాళమును లేకుండ అమ్ముటయే నియమముగా పెట్టుకొని నిలద్రొక్కుకొన్నది. ఇది ఎట్లు సాధ్యమైనది? ఈ తాళము ఎట్లు పనిచేయునో, ఎవరిని ఆపునో, ఎవరిని ఆపలేదో తెలిసికొన్నచో ఈ చిక్కుముడి విడిపోవును.

తాళములలో రకములు

1980వ దశకములో ఆటలు ఎక్కువగా ఫ్లాపీ డిస్కులపై వచ్చెడివి. డిస్కుపై సమాచారము చిన్న చిన్న గడులుగా వ్రాయబడును. ఈ గడులను సెక్టారులందురు. తయారీదారులు కావలెననియే ఒక సెక్టారును చెడిపోయినదానివలె వ్రాసెడివారు. మామూలు కంప్యూటరు ఆ డిస్కునకు నకలు తీయబోయినచో ఆ గడి వద్ద ఆగిపోవును, లేదా ఆ లోపమును సరిదిద్ది వ్రాయును. ఆట మొదలు కాగానే ఆ చెడిన గడి ఉన్నదా యని వెదకును. గడి చక్కగా ఉన్నచో ఇది నకలని గ్రహించి నిలిచిపోవును. లోపమే ఇచట గుర్తింపు ముద్ర.

మరికొన్ని ఆటలు తమతో వచ్చిన పుస్తకములోని ఫలానా పుటలో ఫలానా మాట ఏదియని ప్రశ్నించెడివి. 1990లో వెలువడిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్’ అను ఆటతో రెండు అట్టచక్రములు ఇచ్చిరి. వాటిని త్రిప్పి తెరపై కనబడిన ఓడదొంగ ముఖమును కుదిర్చినచో సరియైన సంవత్సరము తెలియును. అది చెప్పినవానికే ఆట తెరచుకొనును.

సి.డి.లు వచ్చిన తరువాత సేఫ్‌డిస్క్, సెక్యూరోమ్ వంటి తాళములు వాడుకలోనికి వచ్చెను. అసలు సి.డి. యంత్రములో ఉన్నదో లేదో ఇవి పరీక్షించును. ఇంటర్నెట్టు వ్యాపించిన పిమ్మట తాళపు చెవి సంస్థవారి కంప్యూటరుకు చేరినది. ఆట తెరచునపుడు ఆ కంప్యూటరు అనుమతి ఇయ్యవలెను. 2008లో వెలువడిన ‘స్పోర్’ అను ఆటను మొదట మూడు కంప్యూటర్లపై మాత్రమే నెలకొల్పుకొనుటకు అనుమతించిరి. 2010లో యూబీసాఫ్ట్ సంస్థ, ఆట సాగుచున్నంతసేపు ఇంటర్నెట్టు సంబంధము తెగరాదను నియమము తెచ్చినది. ఆ యేడు మార్చిలో ఆ సంస్థ కంప్యూటర్లపై ఎవరో దాడి చేయగా, సొమ్ము చెల్లించి ‘అసాసిన్స్ క్రీడ్ 2’ను కొన్నవారిలో పలువురు ఆడుకొనలేక పోయిరి.

ఒక్కడు తీసిన చాలును

ఇంటి తాళమునకును ఆట తాళమునకును ఒక ముఖ్యభేదము కలదు. ఒక ఇంటి తాళము పగులగొట్టినచో పొరుగింటి తాళము పగులదు. ప్రతి ఇంటి వద్దను దొంగ మరల శ్రమపడవలెను. ఆట విషయము అట్లు కాదు. లోకములో ఏదో ఒక మూల నేర్పరియైన ఒక్కడు ఒక్కసారి తాళము తీసినచో, తాళము లేని ఆ ప్రతి నుండి లక్షల ప్రతులు పుట్టును. వాటిని తీసికొనువారికి ఏ నేర్పును అక్కరలేదు.

దీని ఫలితము విపరీతమైనది. దొంగ ప్రతికి తాళము ఉండదు. సొమ్ము పోసి కొన్న ప్రతికి ఉండును. ‘స్పోర్’ ఆటకు ఇంత కట్టుదిట్టము చేసినను, 2008లో అందరికన్న ఎక్కువగా దొంగతనముగా దించుకొన్న ఆట అదియే యని ఆ సంవత్సరాంతమున ప్రకటితమైనది. మూడు కంప్యూటర్ల నియమము కట్టిపడవేసినది కొన్నవారిని మాత్రమే. అదే యేడు యూబీసాఫ్ట్ సంస్థ తన ‘రెయిన్‌బో సిక్స్ వేగాస్ 2’ ఆటలోని ఒక చిక్కును తొలగించుటకు, తాళములు పగులగొట్టు ఒక ముఠా తయారుచేసిన ఫైలునే తన ఖాతాదారులకు ఇచ్చినట్లు బయటపడి నవ్వులపాలైనది.

కాలము గడచినకొలది

అట్లయిన తాళము పూర్తిగా వ్యర్థమా? కాదు. విలియమ్ వోల్క్‌మన్ అను పరిశోధకుడు డెనూవో అను నవీనమైన తాళము వేసిన 86 ఆటల అమ్మకములను పరిశీలించి 2024లో ఫలితములు ప్రకటించెను. విడుదలైన మొదటి వారములోనే తాళము పగిలినచో రాబడి సగటున సుమారు 20 శాతము తగ్గునని ఆయన లెక్క. పండ్రెండు వారములు నిలిచి అటుపిమ్మట పగిలినచో నష్టము దాదాపు శూన్యము. ఏలయన, కొనదలచినవారిలో పెక్కుమంది అప్పటికే కొనియుందురు.

పంట కోతకు వచ్చినపుడు మంచె మీద కావలి తప్పదు. ధాన్యము ఇల్లు చేరిన తరువాత కూడ ఆ మంచెపై కావలివానికి కూలి ఇచ్చువాడు ఉండడు. పదియేండ్ల క్రిందటి ఆటకు తాళము అట్టి కావలియే. దాని దొంగ ప్రతి ఎన్నడో బయటికి పోయినది. ఇక తాళము కాపాడునది ఏమియు లేదు; చేయు కీడు మాత్రము ఏటేట పెరుగును. సేఫ్‌డిస్క్ తాళము విండోస్ లోలోపల ఒక చిన్న కార్యక్రమమును నెలకొల్పెడిది. అది కంప్యూటరు భద్రతకే ముప్పు కాగలదని 2015లో వచ్చిన విండోస్ 10లో దానికి చోటు ఈయలేదు. దానితో న్యాయముగా కొన్న ఎన్నియో ఆటలు ఒక్కమారుగా మూగపోయెను. అనుమతి ఇచ్చెడి కంప్యూటర్లను సంస్థ మూసివేసినచో ఇంటర్నెట్టు తాళముల గతియు అంతియే.

పోలండు అనుభవము

పోలండులో 1994 వరకు కంప్యూటరు కార్యక్రమములకు తగిన చట్టరక్షణ లేదు. వార్సా నగరపు బజారులలో దొంగ ప్రతులు బాహాటముగా అమ్మెడివారు. అట్టి బజారులో ఆటలు అమ్మి అనుభవము గడించిన మార్చిన్ ఇవిన్‌స్కి, మిహావ్ కిచిన్‌స్కి అను ఇద్దరు పాఠశాల మిత్రులు 1994లో సీడీ ప్రాజెక్ట్ అను సంస్థను స్థాపించిరి. దొంగ ప్రతి అతిచౌకగా దొరకు చోట అసలు ప్రతిని కొనువాడెవడు? తాళముతో దీనికి జవాబు దొరకదని వారు గ్రహించిరి. 1999లో ‘బాల్డర్స్ గేట్’ అను ఆటను పోలిష్ భాషలోనికి మార్చి, పేరుగల నటులచే మాటలు పలికించి, పటము, పుస్తకము, సంగీతపు సి.డి. జతచేసి అమ్మిరి. మొదటినాడే 18,000 ప్రతులు పోయెను. దొంగ ప్రతిలో దొరకనిదేదో అసలు ప్రతిలో ఉండవలెనన్నదే వారు నేర్చిన పాఠము.

ఆ పాఠముతోనే 2008లో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ అను అంగడిని ఇంటర్నెట్టుపై తెరచిరి. పాత ఆటలను దాదాపు 6 డాలర్లకు, 10 డాలర్లకు అమ్మసాగిరి. కొన్నవాడు ఆటను దించుకొని ఎన్ని కంప్యూటర్లపైనైనను ఉంచుకొనవచ్చును; ఎవరి అనుమతియు అక్కరలేదు. ఇందు శ్రమ తక్కువ కాదు. మూతపడిన, చేతులు మారిన సంస్థల ఆటలకు హక్కుదారులెవరో వెదకవలెను. మూల కార్యక్రమపు వ్రాతప్రతి పోయినచో, మిగిలిన యంత్రభాషలోనే తాళము ఉన్నచోటు కనిపెట్టి తొలగించవలెను. పాత కంప్యూటరును క్రొత్త కంప్యూటరులో అనుకరించు డాస్‌బాక్స్ వంటి సాధనమును జోడించవలెను. తాళము లేకపోవుట ఒక్కటియే కాక, దించుకొనగానే ఆట నడచుట ఇచటి ఆకర్షణ. దొంగ ప్రతితో ఆ భరోసా లేదు. దానితోపాటు వైరసు వచ్చు భయమును కలదు.

ఒక లెక్క

2011 మే నెలలో సీడీ ప్రాజెక్ట్ వారి ‘ది విచర్ 2’ వెలువడినది. దుకాణములలోని డిస్కులకు సెక్యూరోమ్ తాళము వేసిరి. తమ అంగడిలో అమ్మిన ప్రతికి వేయలేదు. తాళము లేని ప్రతియే ముందుగా పైరసీకి గురియగునని పరిశ్రమలోనివారు తలచిరి. జరిగినది వేరు. ముందుగా వ్యాపించినది తాళము పగులగొట్టిన డిస్కు ప్రతియే. కొలది దినములలోనే సంస్థ డిస్కులకు కూడ తాళము తీసివేసినది.

అంతమాత్రమున పైరసీ లేకుండ పోయినదా? లేదు. ఆ సంవత్సరాంతమున ఇవిన్‌స్కి ఒక అంచనా చెప్పెను. ఒకే సమయమున దించుకొనుచున్నవారు 20,000 మంది యనియు, 14 గిగాబైట్ల ఆటను దించుటకు 6 గంటలు పట్టుననియు అనుకొనెను. 56 దినములు అనగా 1,344 గంటలు. దీనిని 6చే భాగించిన 224. దానిని 20,000తో గుణించిన 44,80,000; అనగా సుమారు 45 లక్షల దొంగ ప్రతులు. న్యాయముగా అమ్ముడైనవి అప్పటికి 10 లక్షలకు పైబడినవి.

విద్యార్థులు ఈ లెక్కను శ్రద్ధగా చూడవలెను. గుణకారములో దోషము లేదు. కాని ఆధారములు ఊహలు. 6 గంటలకు మారుగా 12 గంటలు పట్టినదన్న ఫలితము సగమగును. 3 గంటలన్న రెట్టింపగును. అదియును గాక, ఉచితముగా దించుకొన్న ప్రతివాడును సొమ్ము పెట్టి కొనెడివాడు కాడు. కావున 45 లక్షల దొంగ ప్రతులనగా 45 లక్షల అమ్మకముల నష్టమని అర్థము కాదు. ఈ రెంటి తేడా మరచుట వలననే పైరసీని గూర్చిన వాదములు పెక్కు పెడదారి పట్టుచున్నవి.

పోల్చి చూచిన పరిశోధన

ఒకే ఆటను తాళముతో అమ్మిన లోకమును, తాళము లేకుండ అమ్మిన లోకమును ప్రక్కప్రక్కన ఉంచి చూచుటకు వీలులేదు. కాని సంగీతములో అటువంటి అవకాశము తనంతట తాను వచ్చినది. 2007, 2009 సంవత్సరముల మధ్య నాలుగు పెద్ద సంగీత సంస్థలు తమ పాటలకున్న తాళములను వేరువేరు సమయములలో తొలగించెను. ఇందువలన ముందు తీసినవారిని ఇంకను తీయనివారితో పోల్చుటకు వీలైనది. లారీనా జాంగ్ అను పరిశోధకురాలు 5,864 ఆల్బముల అమ్మకములను ఇట్లు పోల్చి చూడగా, తాళము తీసిన తరువాత అమ్మకములు సగటున 10 శాతము పెరిగినట్లు తేలినది. తక్కువగా అమ్ముడగు ఆల్బములకు పెరుగుదల 30 శాతము. ప్రసిద్ధమైన వాటికి చెప్పుకోదగిన లాభము కనబడలేదు. పాటలు ఆటలు కావు; అయినను మరుగునపడిన సరుకునకు తాళము లేకపోవుటయే మేలను సూచన ఇందు స్పష్టము.

నిజమైన నష్టము

2023లో అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక పరిశీలన ప్రకటించినది. 2010కి ముందు ఆ దేశమున వెలువడిన ఆటలలో నేడు అంగడిలో కొనదగినవి 13 శాతము మాత్రమే. తక్కిన 87 శాతమును న్యాయమార్గమున పొందుట అతికష్టము. కొనుటకు దారి లేనిచోట పైరసీ ఒక్కటే దారియగును. అచట దొంగ ప్రతియే గ్రంథాలయపు పని చేయుచున్నది. ఒక కాలపు కళ, కల్పన, నేర్పు ఈ ఆటలలో నిక్షిప్తమై ఉన్నవి. వాటిని నిలుపు భారము దొంగలపై పడుట ఏ సమాజమునకును గౌరవము కాదు. 2024 నవంబరులో పోలండు అంగడివారు మొదట 100 ఆటలతో ఒక పరిరక్షణ కార్యక్రమము ఆరంభించి, క్రొత్త కంప్యూటర్లపై అవి నడచునట్లు చూచు బాధ్యత వహించిరి.

కావున తాళము తీసినంతనే పైరసీ అంతరింపదు. తాళము వేసినంతనే ఆగదు. క్రొత్త ఆటకు తాళము కొన్ని వారముల వ్యవధి కొనిపెట్టగలదు. పాత ఆటకు అది కొన్నవానిని మాత్రమే శిక్షించును. తగిన ధర, సులభముగా దొరకుట, నమ్మకముగా నడచుట అను మూడును కలిసినచోట కొందరైనను దొంగ ప్రతిని విడిచి అసలు ప్రతిని కొందురు. అట్లు కొన్న ప్రతి, అమ్మినవాడు అంగడి కట్టివేసిన తరువాత కూడ, కొన్నవాని ఇంట నడచుచునే ఉండును.