పెనం మీద పండుగప్ప

చేప కండ ఉడకడానికి 60 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. దాని పైపొర ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే మాత్రం 140 డిగ్రీలు దాటాలి. వేలెడు మందం కూడా ఉండని ముక్కలో లోపల ఒక వేడి, పైన దానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేడి ఒకేసారి కావాలన్నమాట. ముల్లు తీసిన తెల్ల చేప ముక్క, అంటే ఫిల్లెట్, పెనానికి అతుక్కుపోయినా, తిప్పబోతే విరిగిపోయినా, నీళ్ళూరి చప్పగా ఉడికిపోయినా కారణం ఈ తేడాలోనే వెతకాలి.

ఈ ముచ్చటకు చిట్టమూరు ప్రాంతం తగిన చోటు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు ఆ మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, తిండి విషయంలో అది ఇప్పటికీ నెల్లూరు సీమే. మండలం ఒక కొస పులికాట్ సరస్సును తాకుతుంది. సముద్రపు నీరూ ఏటి నీరూ కలిసే సరస్సుల్లో చిలికా తర్వాత మన దేశంలో పెద్దది ఇదే. అలాంటి నీళ్ళలో పెరిగే తెల్ల కండ చేపల్లో పండుగప్పకు సాటి లేదని నా అభిప్రాయం. బెంగాల్‌లో భేట్కీ పేరుతోనూ, ఆస్ట్రేలియాలో బారముండి పేరుతోనూ అమ్మేది ఈ చేపనే. ముందు మగదిగా ఎదిగి, కొన్నేళ్ళ తర్వాత ఆడదిగా మారే వింత జీవి ఇది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ 1997లో దీని చేత హేచరీలో గుడ్లు పెట్టించగలిగింది. ఆ తర్వాత చెరువుల్లో పెంచిన పండుగప్ప కూడా బజారుకు రావడం మొదలైంది.

మనకు చేప అనగానే పులుసు గుర్తొస్తుంది. పులుసు ముక్కను ముల్లుతో సహా అడ్డంగా కోస్తారు. నడిముల్లు దాన్ని విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పులుసు ఎంత మరిగినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ముక్క కాస్త ఎక్కువ ఉడికినా చింతపండు రసం ఆ లోటు తెలియనివ్వదు. ఫిల్లెట్‌కు ముల్లూ లేదు, పులుసూ లేదు. అందుకని దాని కండ ఎలాంటిదో తెలుసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళడం మేలు.

చేప బరువును నీరే మోస్తుంది. నేల మీద నిలబడే మేకకు అవసరమైనంత గట్టి కట్టు దాని కండరాలకు అక్కర్లేదు. పొట్టి కండర పోగులు పొరలు పొరలుగా, పుస్తకంలో కాగితాల్లాగా పేర్చినట్టుంటాయి. పొరకూ పొరకూ మధ్య కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిన పల్చని తెర ఉంటుంది. మేక మాంసంలో ఈ కొల్లాజెన్ మెత్తబడాలంటే గంటలు పడుతుంది. చేపలో అది 50, 55 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. ఉడికిన చేప రేకులుగా విడిపోవడానికి కారణం అదే, తిప్పేటప్పుడు ముక్క చెదిరిపోవడానికీ అదే.

కండలోని ప్రోటీన్లదీ ఇదే తీరు. పచ్చి కండలో అవి విడివిడిగా ఉండి వెలుతురును చాలావరకు తమ గుండా పోనిస్తాయి కాబట్టి ముక్క అద్దంలా కాకపోయినా కొంత పారదర్శకంగా కనిపిస్తుంది. 40 డిగ్రీల నుంచి అవి చుట్టలు విప్పుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ గుంపులు వెలుతురును చెదరగొట్టడంతో ముక్క పాల తెలుపుకు తిరుగుతుంది. 50 దాటాక అవి బిగుసుకుని లోపలి నీటిని బయటికి పిండుతాయి. 60 దాటిన ప్రతి డిగ్రీకీ రసం పోతూనే ఉంటుంది. అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా సూచనల్లో చేపకు చెప్పిన వేడి 63 డిగ్రీలు. క్షేమానికీ రుచికీ మధ్య ఉన్న వెసులుబాటు ఎంత ఇరుకైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ మన తీరానికి ఒక చిన్న అనుకూలత ఉంది. చేప శరీరపు వేడి అది బతికే నీటి వేడే. దాని ప్రోటీన్లు ఆ వేడికి తగ్గట్టే తయారవుతాయి. చల్లని అట్లాంటిక్‌లో తిరిగే కాడ్ చేప చర్మం నుంచి తీసి ద్రవంలో కరిగించిన కొల్లాజెన్ సుమారు 15 డిగ్రీలకే అల్లిక విడిపోతుంది. మన వెచ్చని నీళ్ళ చేపల కొల్లాజెన్ 30 డిగ్రీల దగ్గర కూడా నిలుస్తుంది. కాడ్‌ను ఉద్దేశించి రాసిన విదేశీ వంటల లెక్కలను పండుగప్పకు ఉన్నవి ఉన్నట్టు వాడక్కర్లేదు. దీని కండ కొంచెం బిగువైనది, పొయ్యి మీద కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది.

లోపలి సంగతి అది. పైపొర విషయంలో అసలు అడ్డంకి నీరు. చేప కండలో నూటికి 75 నుంచి 80 పాళ్ళు నీరే. ముక్క పైన తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు. ప్రోటీన్లూ చక్కెరలూ కలిసి ఎరుపు రంగునూ వేపుడు వాసననూ పుట్టించే చర్య, 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ వివరించినది, అంత తక్కువ వేడిలో మందకొడిగా సాగుతుంది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 70 కేలరీలు చాలు. దాన్ని ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. ముక్కను శుభ్రమైన గుడ్డతో గట్టిగా అద్ది తుడిస్తే, పెనం ఆ వేడినంతా ఆవిరికి ధారపోయకుండా వేపడానికి వాడుకుంటుంది. ఉప్పు, పసుపు రాసి పావుగంట ఉంచితే ఉప్పు కొంత నీటిని పైకి లాగుతుంది. ఆ నీటినీ తుడిచేయాలి. పైన పల్చగా చల్లిన బియ్యప్పిండి మిగిలిన తడిని పీల్చుకుంటుంది. అల్లం వెల్లుల్లి ముద్దా కారమూ దట్టంగా పట్టించడం ముల్లు ముక్కల వేపుడుకు బాగానే ఉంటుంది గానీ, ఫిల్లెట్‌కు నేను ఒప్పుకోను. ఆ ముద్దలో తడి ఆరేలోపు లోపలి కండ ఎండిపోతుంది, తడి ఆరిన మరుక్షణం వెల్లుల్లి మాడుతుంది.

అతుక్కోవడం సంగతికొస్తే, పచ్చి ప్రోటీన్ గోరువెచ్చని లోహాన్ని తాకగానే దానితో బంధం కట్టుకుంటుంది. పెనం, నూనె బాగా కాగి ఉంటే ముక్క తాకీ తాకగానే దాని అడుగు గట్టిపడుతుంది, బయటికొచ్చే ఆవిరి దాన్ని కాస్త ఎత్తి పడుతుంది. ఉత్త ఇనప పెనం మీద నీటి బొట్టు వేసి చూడండి. చుర్రుమని అక్కడే ఆరిపోతే వేడి ఇంకా చాలదు. ఉండలా మారి పరుగెడితే తన ఆవిరి మీద తానే తేలుతోందన్నమాట. జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో దీని గురించి రాశాడు. అప్పుడు బొట్టు తుడిచి నూనె పోయాలి. నాన్‌స్టిక్ పెనానికి ఈ పరీక్ష వద్దు. దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడడం మొదలవుతుంది, ఖాళీగా కాగే పెనం అంత వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. రోజూ దోసెలు పోసి నూనె పట్టిన ఇనప పెనం ఫిల్లెట్‌కు ఎంతో నమ్మకమైనది. కాగిన నూనె అణువులు ఒకదానికొకటి అల్లుకుని దాని మీద గట్టి నల్లని పొరగా మారి ఉంటాయి.

ముక్కను తోలు వైపు కింద పెట్టి వేయాలి. వేడికి తోలులోని కొల్లాజెన్ ముడుచుకుని ముక్క విల్లులా వంగబోతుంది కాబట్టి, మొదట కొద్ది క్షణాలు అట్లకాడతో మెల్లగా అదిమి పట్టాలి. ఆ తర్వాత కదపొద్దు. అడుగు ఎర్రగా వేగి ఆరితే అదే పట్టు వదులుతుంది. ఊడిరాలేదంటే ఇంకా వేగలేదని అర్థం.

ఎంతసేపు ఉంచాలన్నది మందాన్ని బట్టి ఉంటుంది. వేడి లోపలికి పాకే సమయం మందానికి కాక, మందం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. సెంటీమీటరు ముక్కకు పట్టే కాలానికి రెండు సెంటీమీటర్ల ముక్కకు రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు పడుతుంది. పండుగప్ప ఫిల్లెట్ తల వైపు మందంగా, తోక వైపు పల్చగా ఉంటుంది. తోక కొసను విడిగా కోసి చివర్లో వేయడం తెలివైన పని. మందమైన వైపు ముక్క పక్కన చూస్తే పాల తెలుపు కింది నుంచి పైకి పాకుతూ కనిపిస్తుంది. అది మూడు వంతుల్లో రెండు వంతుల దాకా వచ్చాక తిప్పితే రెండో వైపుకు కొద్దిసేపు చాలు. దించాక కూడా పైపొర వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది కనుక, నడుమ ఒక్క రేఖ మాత్రం పచ్చిగా ఉండగానే పొయ్యి ఆపేసి రెండు నిమిషాలు పెనం మీదే వదిలేయవచ్చు.

నగరాల్లో గడ్డకట్టిన బాసా ఫిల్లెట్లు కొనేవాళ్ళకు ఇన్ని చేసినా పెనం నిండా నీళ్ళే కనబడవచ్చు. ఎగుమతికి సిద్ధం చేసే బాసాకు నీటిని పట్టి ఉంచే పాలీఫాస్ఫేట్లు కలపడం చాలాచోట్ల ఉంది. పైన మంచు పూత కూడా వేస్తారు. అలాంటి ముక్కను ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా కరగనిచ్చి, జల్లెడ మీద వార్చి, మామూలు కన్నా ఎక్కువసేపు తుడవాలి.

నిమ్మరసం ముందే పిండి నానబెట్టే అలవాటు కొందరికి ఉంది. పులుపు తగిలితే పైపొర ప్రోటీన్లు పొయ్యి ఎక్కక ముందే బిగుసుకుని నీరు వదులుతాయి. నిమ్మ పిండవలసింది పళ్ళెంలోకి తీశాకే. ఉప్పునీటి చేపల కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి, నీచు వాసన చాలావరకు దానిదే. పులుపు ఆ అణువుకు ఒక ప్రోటాన్‌ను తగిలించి గాలిలోకి ఎగరకుండా చేస్తుంది. నెల్లూరు పులుసులో చింతపండూ మామిడికాయా చేసే పనుల్లో ఇదొకటి. పెనం మీది ఫిల్లెట్‌కు అదే పని ఒక నిమ్మచెక్క చేస్తుంది.