తోక దగ్గర కత్తి.. పగడాలకు కాపలా! ఈ నీలి చేపకు అడవులదీవి సముద్రంలో ఇల్లు ఎందుకు లేదంటే..

నీలం రంగు ఒళ్లు, నల్లటి ముఖం, వీపు మీద పసుపు రెక్క. అక్వేరియం రీల్స్‌లో తరచూ కనిపించే ఈ చేప పేరు పౌడర్ బ్లూ సర్జన్ ఫిష్. ‘ఫైండింగ్ డోరీ’ సినిమాలో డోరీ కూడా ఈ కుటుంబమే. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ పగడపు దిబ్బల దగ్గర ఇది ఉంటుంది. మరి బాపట్ల జిల్లా అడవులదీవి తీరంలో ఎందుకు ఉండదు?

సర్జన్ అనే పేరెందుకు?

తోక మొదట్లో రెండు వైపులా ఒక్కో పదునైన ముల్లు ఉంటుంది. అచ్చం ఆపరేషన్ కత్తిలా! మామూలుగా మడిచి పెట్టుకుంటుంది. భయపడితే తోక విసురుతుంది. ఒట్టి చేత్తో పట్టుకుంటే వేళ్లు తెగడం ఖాయం.

ఇది చేసే పనేంటి?

పగడపు దిబ్బల మీద పెరిగే నాచును గీకి తింటుంది. నాచు ఎక్కువైతే కొత్త పగడాలు అంటుకోవడానికి చోటుండదు. సముద్రం వేడెక్కి 1998, 2010, 2016, 2024లో లక్షద్వీప్ పగడాలు తెల్లబడిపోయాయి. చచ్చిన పగడం మీద ముందుగా పెరిగేది నాచే. దాన్ని తినే చేపలుంటేనే దిబ్బ మళ్లీ కోలుకునే ఛాన్స్ ఉంటుంది.

మన దగ్గర ఎందుకు లేదు?

పగడాలకు తేట ఉప్పునీరు, బాగా ఎండ, గట్టి నేల కావాలి. ఇక్కడేమో కృష్ణమ్మ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తూ మంచినీళ్లు, ఒండ్రు తెచ్చి పోస్తుంది. నీళ్లు మసక, అడుగున బురద. పగడం లేదు కాబట్టి దాన్ని నమ్ముకున్న చేపకూ చోటు లేదు. కానీ అదే బురదలో నిజాంపట్నం, అడవులదీవి వైపు మడ అడవులు పెరిగాయి. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరిగేది ఆ వేళ్ల మధ్యే. అక్కడ పగడపు దిబ్బ ఎంతో, మన వేటకు మడ అంత.

ఇంట్లో పెంచుకోవచ్చా?

తొందరపడొద్దు. అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే. చిన్న తొట్టెలో ఇమడవు, తోటి చేపలతో గొడవ పడతాయి, తెల్ల మచ్చల జబ్బు త్వరగా అంటుకుంటుంది. డోరీ జాతి చేపను తొట్టెలో పుట్టించి పెంచడం అమెరికాలోని ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లకు 2016లో గానీ సాధ్యం కాలేదు. అందుకే కొనేముందు ‘ఇది ఎక్కడ పట్టిన చేప?’ అని షాపులో ఒక్కసారి అడగండి. సముద్రంలో పట్టిందే అయితే, ఏదో ఒక దిబ్బ మీద నాచు తినే చేప ఒకటి తగ్గినట్టే.