మెదడులో కణితి: ఆకారం చెప్పనిది ఆహారం చెబుతుంది

గత సంవత్సరం మా మదరసాలో హిఫ్జ్ చదువుతున్న ఒక విద్యార్థి తండ్రికి మెదడులో కణితి ఉన్నట్లు తేలింది. శస్త్రచికిత్స జరిగింది. ఆరు వారాలపాటు రేడియేషన్, దానితోపాటు మాత్రలు ఇచ్చారు. చికిత్స ముగిసిన రెండు నెలలకు తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రంలో తెల్లని మచ్చ మునుపటికన్న పెద్దదిగా కనిపించింది. ఆ రిపోర్టు చేతబట్టుకొని అబ్బాయి నా వద్దకు వచ్చాడు. "హజ్రత్, మచ్చ పెరిగిందంటే మందు పనిచేయలేదనేనా? అమ్మీ రాత్రంతా ఏడ్చింది" అన్నాడు.

నేను వైద్యుణ్ణి కాను. బోధన నా వృత్తి. అయినా వాడి ప్రశ్నకు జవాబు లేకుండా ఉండలేకపోయాను. ఆ కుటుంబంతోపాటు ఆస్పత్రికి వెళ్ళాను. వైద్యులు చెప్పినది విన్నాను, ఇంటికి వచ్చి చదువుకొన్నాను. ఇటువంటి రిపోర్టు చేతికి వచ్చి నిద్రపట్టని ఇళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి గనుక, తెలుసుకొన్నది పాఠకులతో పంచుకొంటున్నాను.

మచ్చ పెరగడానికి రెండు కారణాలు

మెదడులోని సన్నని రక్తనాళాల గోడలు ఎంతో బిగువైనవి. రక్తంలోని ప్రతి పదార్థాన్నీ అవి మెదడులోనికి పోనివ్వవు. ఉధృతమైన కణితి ఆ గోడలను పాడుచేస్తుంది. ఎం.ఆర్.ఐ. సమయంలో ఎక్కించే మందు అక్కడ బయటికి ఊరుతుంది. చిత్రంలో తెల్లగా కనిపించేది ఆ ఊటే.

అయితే రేడియేషన్ కూడా అదే గోడలను దెబ్బతీస్తుంది. అంటే తెల్లని మచ్చ గోడ పగిలిందని చెబుతుందే తప్ప, పగులగొట్టినది కణితియా, చికిత్సయా అన్నది చెప్పదు. చికిత్స ముగిసిన తొలి మూడు నెలల్లో కణితి పెరగకపోయినా మచ్చ పెరిగినట్లు కనిపించడం వైద్యులకు తెలిసిన విషయమే. కొందరిలో నెలల తరువాత, ఏండ్ల తరువాత కూడా రేడియేషన్ తగిలినచోట కణజాలం చనిపోయి, కణితిని పోలిన మచ్చ ఏర్పడుతుంది.

ఈ తేడా చిన్నది కాదు. పెరిగినది కణితి అయితే మందు మార్చాలి, లేదా మళ్ళీ శస్త్రచికిత్స ఆలోచించాలి. చికిత్స మిగిల్చిన గాయం అయితే, పనిచేస్తున్న మందును ఆపివేయడం నష్టం. తలను మళ్ళీ తెరవడం అనవసరమైన బాధ. ఆ ఇంటి భవిష్యత్తు ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడి ఉంది.

కణం ఏమి తింటున్నది?

ఆకారం చూసి తేల్చలేనిదానిని ఆహారం చూసి తేల్చవచ్చునన్న ఆలోచనకు వంద సంవత్సరాల చరిత్ర ఉంది. జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920ల్లోనే కణితి కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకొంటాయని చూపించాడు. సజీవమైన కణితికి ఆకలి ఎక్కువ. చనిపోయిన కణజాలానికి ఆకలి లేదు.

ఆ ఆకలిని బయటినుండి చూడడానికి గ్లూకోజులో చిన్న మార్పు చేశారు. దాని అణువులో ఒకచోట ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును అమర్చారు. దానినే ఎఫ్.డి.జి. అంటారు. కణం దానిని అసలు గ్లూకోజే అనుకొని లోనికి రానిస్తుంది. కాని మొదటి మెట్టు దాటిన తరువాత అది జీర్ణం కాదు, సులభంగా బయటికీ పోలేదు. అక్కడే చిక్కుకొని సంకేతాలు పంపుతుంది. తల చుట్టూ ఉన్న వలయాకారపు యంత్రం వాటిని పట్టి, ఎక్కడ ఎంత పోగైనదో చిత్రంగా చూపిస్తుంది. అదే పెట్ స్కాన్.

మనిషి మెదడుపై ఎఫ్.డి.జి. పరీక్ష మొదటిసారి జరిగింది 1976లో, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. ఇరాన్‌లో జన్మించి, తెహ్రాన్‌లో వైద్యవిద్య అభ్యసించిన డాక్టర్ అబ్బాస్ అలవీ ఆ బృందంలో ముఖ్యుడు. ఆ ద్రవ్యాన్ని తయారుచేసినది దూరాన ఉన్న బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల. ఫ్లోరిన్-18 శక్తి దాదాపు 110 నిమిషాలకు సగమైపోతుంది గనుక, దానిని విమానంలో ఫిలడెల్ఫియాకు తెచ్చారు.

1982లో బెథెస్డాలోని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జొవానీ డి కీరో బృందం మెదడు కణితుల రోగులను ఈ పద్ధతిలో పరీక్షించింది. ఉధృతమైన కణితులు గ్లూకోజును ఎక్కువగా, నెమ్మదైనవి తక్కువగా తీసుకొంటున్నాయని గమనించింది. అదే ఏడు అక్కడి వైద్యులే రేడియేషన్ గాయాన్ని, తిరిగివచ్చిన కణితిని ఈ స్కాన్‌తో వేరుచేయడానికి ప్రయత్నించారు. మా విద్యార్థి అడిగిన ప్రశ్న అదే.

చక్కెరకు తోడుగా మరొకటి

మెదడు విషయంలో గ్లూకోజుకు ఒక చిక్కు ఉంది. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు, మొత్తం శక్తిలో దాదాపు ఇరవై శాతం వాడుకొంటుంది. ఆరోగ్యంగా ఉన్న భాగమే చిత్రంలో వెలుగుతూ ఉంటే, పక్కనున్న చిన్న కణితి అందులో కలిసిపోతుంది.

అందుకే అమైనో ఆమ్లాలను, అంటే మాంసకృత్తుల ముడిసరుకును, వాడే పద్ధతి వచ్చింది. ఆరోగ్యవంతమైన మెదడు వీటిని తక్కువగా తీసుకొంటుంది, కణితి ఎక్కువగా తీసుకొంటుంది. కనుక కణితి స్పష్టంగా బయటపడుతుంది. మొదట వాడిన కార్బన్-11 మిథియోనిన్ శక్తి ఇరవై నిమిషాలకే సగమవుతుంది. సైక్లోట్రాన్ పక్కనే ఉన్న ఆస్పత్రికే అది సాధ్యం. తరువాత ఫ్లోరిన్-18తో చేసిన ఎఫ్.ఇ.టి., ఎఫ్-డోపా వంటివి వచ్చాయి. వీటిని దూరం తీసుకొనిపోవచ్చు. మన దేశంలో మొదటి వైద్య సైక్లోట్రాన్ 2002లో ముంబైలో పనిచేయడం ప్రారంభించింది. ఇప్పుడు హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో పెట్ స్కాన్ దొరుకుతుంది. అమైనో ఆమ్లపు స్కాన్ మాత్రం అన్నిచోట్లా ఉండదు. ముందుగా అడిగి తెలుసుకోవాలి.

పరీక్ష రోజున

స్కాన్‌కు ముందు నాలుగు నుండి ఆరు గంటలు ఏమీ తినరాదని సాధారణంగా చెబుతారు. ఇది రోజా కాదు. నీళ్ళు తాగవచ్చు, తాగడం మేలు కూడా. రమజానులో పరీక్ష పడితే, రోగి ఆ రోజా వదిలి తరువాత కజా చేసుకోవడానికి షరీఅత్ అనుమతించింది. రోజా కోసం పరీక్షను వాయిదా వేయవద్దు.

షుగర్ వ్యాధి ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఎఫ్.డి.జి. చిత్రం మసకబారుతుంది, ఇన్సులిన్ ఎప్పుడు తీసుకోవాలో వైద్యులే నిర్ణయించాలి. గర్భవతులు, పాలిచ్చే తల్లులు తప్పక తెలియజేయాలి. ఎఫ్.డి.జి. ఎక్కించిన తరువాత మసక వెలుతురులో మౌనంగా పడుకోబెడతారు. ఖుర్ఆన్ పారాయణమైనా ఆ కాసేపు ఆపవలసిందే. కళ్ళు చదువుతుంటే, నాలుక కదులుతుంటే, మెదడులోని ఆయా భాగాలు చక్కెరను ఎక్కువగా తీసుకొంటాయి. ఇంటికి వచ్చిన తరువాత కొన్ని గంటలు పసిపిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోకుండా ఉండడం మంచిది.

తప్పుగా అర్థం చేసుకోరాదు

ఈ స్కాన్ తలనొప్పి వచ్చిన ప్రతివారికీ చేసేది కాదు. మొదటి పరీక్ష సి.టి., ఎం.ఆర్.ఐ.లే. వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నచోట కూడా ఎఫ్.డి.జి. పోగుకావచ్చు, నెమ్మదైన కణితి అసలే వెలగకపోవచ్చు. చివరి తీర్పు బయాప్సీదే. ఆ ముక్కను ఎక్కడినుండి తీయాలో చూపడంలో పెట్ స్కాన్ శస్త్రవైద్యునికి సహాయపడుతుంది.

మరొక పొరపాటు మన ఇళ్ళలో విన్నాను. "కణితి చక్కెర తింటుందట, కనుక రోగికి తీపి, అన్నం మాన్పించండి" అని బంధువులు సలహా ఇస్తారు. తినడం మానినా శరీరం తానే గ్లూకోజును తయారుచేసి మెదడుకు పంపుతుంది. కణితి మాడదు, బలహీనపడేది రోగి. వైద్యులు చెప్పనిదే ఆహారం తగ్గించవద్దు.

స్కాన్ అసలు ప్రయోజనం పోల్చడంలో ఉంది. కనుక పాత సీడీలన్నీ భద్రపరచండి. శస్త్రచికిత్స జరిగిన తేదీ, రేడియేషన్ ముగిసిన తేదీ, వాడుతున్న స్టెరాయిడ్ మోతాదు ఒక కాగితంపై రాసి ఉంచండి. వైద్యుణ్ణి "మచ్చ పెరిగిందా?" అని మాత్రమే కాక, "పెరిగినది కణితియా, చికిత్స గాయమా? ఏ పరీక్షతో తేలుతుంది?" అని అడగండి.

మా విద్యార్థి తండ్రికి అమైనో ఆమ్లపు పెట్ స్కాన్ చేశారు. ఆ మచ్చలో చాలా భాగం వెలగలేదు. వైద్యులు మందు మార్చలేదు. రెండు నెలలు ఆగి మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీస్తే మచ్చ కొంత తగ్గింది. వ్యాధి పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. మరొక ఇంట్లో ఇదే స్కాన్ దీనికి భిన్నమైన వార్త చెప్పవచ్చు. అప్పుడు కూడా మందు మార్చడానికి సమయం మిగులుతుంది. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. సరియైన ప్రశ్న అడగడం మన బాధ్యత. ఆ అబ్బాయి ఇప్పుడు ఇరవై రెండవ పారాలో ఉన్నాడు. ప్రతి గురువారం సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆ వారం కంఠస్థం చేసినది తండ్రికి వినిపించి వస్తున్నాడు.