లింట్ అంటే చెత్తేనా?

డస్ట్, డర్ట్, గ్రైమ్, లింట్, ఫ్లఫ్... ఏ మాట వాడినా ఇంట్లో పేరుకునే చెత్తేగా అన్నది ఇంగ్లీషు నేర్చుకునేవారిలో పాతుకుపోయిన అపోహ. ఇవి ఒకదానికొకటి బదులుగా వాడే మాటలు కావు. ఆ పదార్థం ఎక్కడినుంచి వచ్చింది, పొడిగా ఉందా, అంటుకుపోయిందా అన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

టీవీ మీద వాలి, ఊదితే లేచిపోయేది డస్ట్. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకు నూనె జిడ్డుతో కలిసి నల్లగా పట్టేసి, సబ్బునీళ్లు పడితేగాని వదలనిది గ్రైమ్. కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగున పట్టే మసి సూట్. ఇంటి దుమ్ములో ఎక్కువ భాగం మనిషి చర్మపు పొట్టేనన్న ప్రచారాన్నీ నమ్మనక్కర్లేదు. చర్మం ఉంటుంది గానీ చెప్పులతో, గాలితో బయటినుంచి వచ్చే మట్టి, బట్టల పీచు, వంట పొగ కూడా అందులో ఉంటాయి. వాటి పాళ్లు ఇంటింటికీ మారుతాయి.

డర్ట్ అంటే ఎప్పుడూ మురికే కాదు. అమెరికాలో మొక్కలు నాటే మట్టి కూడా డర్టే. డర్ట్ రోడ్ అంటే మట్టిరోడ్డు.

ఇక లింట్. నల్ల ప్యాంటుకు తెల్లగా అంటుకునేది, వాషింగ్ మెషిన్ జాలీలో చేరేది, బట్టలనుంచి రాలే పీచు. లింట్, ఫ్లఫ్ వేర్వేరు పదార్థాలని కొందరు తికమకపడతారు. అమెరికావాళ్లు లింట్ అనే ఈ పీచునే బ్రిటన్‌లో ఎక్కువగా ఫ్లఫ్ అంటారు. బొడ్డులో చేరే పీచుకూ అంతే, అమెరికాలో లింట్, బ్రిటన్‌లో ఫ్లఫ్. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త గేయార్గ్ స్టైన్‌హౌజర్ తన బొడ్డులోంచే 503 నమూనాలు సేకరించి, పొట్ట మీది వెంట్రుకలే చొక్కా పీచును గీకి లోపలికి తోస్తాయని 2009లో ప్రకటించాడు.

లింట్ పనికిరానిదన్న మాట మాత్రం గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్లో చెల్లదు. పత్తినుంచి గింజ తీసేశాక మిగిలే దూది పేరే లింట్. క్వింటాలు పత్తిలో అది దాదాపు మూడో వంతు. 170 కిలోల బేళ్లుగా కట్టి అమ్మేది దాన్నే. రైతుకు దక్కే ధర కూడా చాలావరకు ఆ దూది పాళ్ల మీద, పీచు పొడవు మీద ఆధారపడుతుంది. గింజను వదలని పొట్టి నూగు లింటర్స్, దానికీ గిరాకీ ఉంది.

అదే లింట్ అమెరికాలోని తెలుగు ఇళ్లలో ప్రమాదం తేగలదు. బట్టలారబెట్టే డ్రయ్యర్‌లో పేరుకున్న పీచు ఇట్టే అంటుకుంటుంది. అక్కడి ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల జరిగే అగ్నిప్రమాదాలకు శుభ్రం చేయకపోవడమే ముఖ్య కారణం. బట్టలు వేసిన ప్రతిసారీ జాలీ దులపాలి.

తెలుగులో ఒకే మాట ఉండి ఇంగ్లీషులో రెండున్న చోట చిక్కు తిరగబడుతుంది. ఇంటి మూలన వేలాడేదీ బూజే, రొట్టెకు పట్టేదీ బూజే. మొదటిది కాబ్‌వెబ్, అంటే దుమ్ముపట్టిన సాలెగూడు. చీపురుతో దులిపితే పోతుంది. రెండోది మోల్డ్, ప్రాణమున్న శిలీంధ్రం. పచ్చగా కనిపించే మేర కోసేసి మిగతా రొట్టె తినొచ్చనుకోవడం పొరపాటు. మెత్తటి రొట్టెలో దాని పోగులు కంటికి కనబడకుండా లోపలిదాకా పాకుతాయి. మొత్తం పారేయాల్సిందే.