చర్చి చిట్టాలలో తాతముత్తాతలు

షేక్స్పియరు మహాకవి ఏప్రిల్ 23వ తేదీన జన్మించెనని మనము పిల్లలకు చెప్పుచుందుము. ఆ తేదీకి ఆధారమేమని ఏ విద్యార్థియైన అడిగినచో ఉపాధ్యాయుడు కొంత తడబడక తప్పదు. స్ట్రాట్‌ఫర్డు పట్టణములోని హోలీ ట్రినిటీ చర్చి చిట్టాలో ఈ విషయమున నున్నది ఒక్కటే పంక్తి. 1564 ఏప్రిల్ 26వ తేదీన జాన్ షేక్స్పియరు కుమారుడు విలియమునకు బాప్తిస్మము జరిగినదని లాటిను భాషలో వ్రాసిన పంక్తి అది. పుట్టిన దినమును ఆ చిట్టా చెప్పదు. శిశువు పుట్టిన కొలది దినములకే బాప్తిస్మ మిచ్చు ఆచారమును బట్టియు, 23వ తేదీ ఇంగ్లండు దేశపు సెయింట్ జార్జి పండుగ యగుటను బట్టియు, 1616లో కవి మరణించినది అదే తేదీయని చెప్పుటను బట్టియు లోకము దానిని జన్మదినముగా నిలుపుకొన్నది. చిట్టా చెప్పినది వేరు. మనము దానిచేత చెప్పించినది వేరు.

ఆ చిట్టా మహాకవికొరకు పుట్టినది కాదు. 1564 జూలైలో, పని నేర్చుకొనుచుండిన ఒక కుర్రవాని ఖననపు పంక్తి ప్రక్కన, ఇచ్చట మహమ్మారి మొదలైనదని యెవరో వ్రాసి యుంచిరి. కవి కుమారుడు హామ్నెట్ తన కవల సోదరితో కలిసి 1585 ఫిబ్రవరి 2వ తేదీన బాప్తిస్మము పొందినాడు. 1596 ఆగస్టు 11వ తేదీన అదే చర్చిలో ఖననము చేయబడినాడు. పదునొకండేండ్ల బాలుని జీవితము రెండు పంక్తులలో ముగిసినది. ఆ చిట్టాలో మహాకవి కెంత చోటో చెప్పులు కుట్టువానికిని అంతే చోటు. అందుచేతనే నేడు వేలకొలది ఇంగ్లీషువారు ఇట్టి పుటలలో తమ తాతముత్తాతలను వెదకుకొనుచున్నారు. ఆ చిట్టా లెట్లు పుట్టినవో, వానిని ఎట్లు చదువవలెనో తెలిసికొనుట మనకును ప్రయోజనకరము.

ఇంగ్లండులో ఒక చర్చికి, ఒక మతాచార్యునికి లోబడిన ఊరి పరిధిని పారిష్ అందురు. 1538లో ఎనిమిదవ హెన్రీ రాజుకు మంత్రియైన థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోను ఒక పుస్తక ముంచవలెనని ఆజ్ఞాపించెను. వారములో జరిగిన బాప్తిస్మములను, వివాహములను, ఖననములను ఆదివారమునాడు చర్చి పెద్దల యెదుట అందులో వ్రాయవలెను. ఆ పుస్తకమును రెండు తాళముల పెట్టెలో దాచవలెను. ఒక తాళపుచెవి మతాచార్యునియొద్ద, రెండవది చర్చి పెద్దలయొద్ద ఉండవలెను. వ్రాయుట మానినచో మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. ఇది యేదో కొత్త పన్నుకు పన్నిన వలయని పలుచోట్ల ప్రజలు భయపడిరి. అరువదేండ్ల తరువాత, పాత కాగితపు పుస్తకములను చర్మపత్రములమీద తిరిగి వ్రాయవలెననియు, ఏటేట ఒక నకలు బిషప్పుకు పంపవలెననియు నియమము వచ్చినది. మనము చెప్పుకొన్న స్ట్రాట్‌ఫర్డు చిట్టా అట్లు ఎత్తి వ్రాసిన ప్రతియే. చెమ్మకు, ఎలుకలకు అసలు పుస్తకము బలియైనచోట బిషప్పుకు పంపిన నకలే శోధకునికి దిక్కు.

ఏ కాలపు ప్రభువులకు ఏది కావలసివచ్చెనో ఆ కాలపు చిట్టాలలో అది కనబడును. పదునేడవ శతాబ్దమున ఉన్ని వ్యాపారమును నిలబెట్టుటకై శవమును ఉన్ని బట్టలోనే పూడ్చవలెనని చట్టము చేసిరి. ఆ ప్రకారము ప్రమాణము చేసినారని ఖననపు పంక్తుల ప్రక్కన వ్రాసిరి. 1783లో ఒక్కొక్క పంక్తికి మూడు పెన్నీల సుంకము వేసిరి, పేదలను మినహాయించిరి. ఆ సుంకము 1794 వరకు నడచినది. 1754 నుండి వధూవరులు పెండ్లి చిట్టాలో సంతకము చేయవలసివచ్చినది. చదువురానివారు ఒక గీటు గీసిరి. తన పూర్వికురాలు వణకు చేతితో గీసిన ఆ గీటును చూచి కంటతడి పెట్టువా రుందురనుటలో ఆశ్చర్యము లేదు. ఆమె చేతినుండి లోకమున మిగిలిన గుర్తు బహుశః అదొక్కటే. 1813 నుండి అచ్చు పుస్తకములు వచ్చినవి. అప్పటినుండి బాప్తిస్మపు పంక్తిలో తండ్రి వృత్తియు, నివాసమును, ఖననపు పంక్తిలో చనిపోయినవారి వయస్సును చేరినవి. 1837 జూలై 1వ తేదీనుండి జనన మరణములను ప్రభుత్వమే నమోదు చేయసాగినది.

రెండవ ఆధారము జనాభా లెక్కలు. మొదటి లెక్క 1801లో జరిగినది. అప్పుడు ఫ్రాన్సుతో యుద్ధము. దేశమున తిండిగింజల కొరత. ఇంగ్లండు, వేల్సులలో సుమారు 90 లక్షలమంది యున్నట్లు తేలినది. ప్రభుత్వమునకు కావలసినవి తలలేగాని పేర్లు కావు. దేశమంతట పేర్లు వ్రాసికొన్నది 1841లో. అప్పుడును పదునైదేండ్లు దాటినవారి వయస్సును ఐదేసి యేండ్ల మెట్లకు తగ్గించి వ్రాయుమనిరి. 39 యేండ్లవాడు పుస్తకములో 35 యేండ్లవాడైనాడు. 1851 లెక్కలో ఇంటి యజమానితో నున్న సంబంధము, సరియైన వయస్సు, పుట్టిన పారిష్ చేరినవి. వంశశోధకునికి ఇది తలుపు తెరచినట్లే. 1911లో ఇంటి యజమాని స్వహస్తముతో నింపిన కాగితములనే భద్రపరచిరి. వివాహిత యెందరు బిడ్డలను కన్నదో, వారిలో నెందరు పోయిరో ఆ కాగితములో వ్రాయవలెను. ఓటుహక్కు కొరకు పోరాడుచుండిన ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ ఆ లెక్కల రాత్రి పార్లమెంటు భవనపు నేలమాళిగలో దాగియున్నది. లెక్కించువారు ఆమెను ఆ చోటనే వ్రాసికొనక తప్పలేదు. చిట్టాకు ఎక్కుటయు ఒక్కొక్కప్పుడు ఒక పోరాటమే.

ఈ పుస్తకములను నూరేండ్లవరకు తెరువరు. 1921 లెక్కలను 2022 జనవరిలో ప్రజలకు చూపిరి. 1931 పుస్తకములు 1942లో అగ్నికి ఆహుతియైనవి. 1941లో యుద్ధమువలన లెక్కయే జరుగలేదు.

వెదకు పద్ధతి యెట్టిదో ఒక ఊహాదృష్టాంతముతో చూతము. మాంచెస్టరులో ఉద్యోగము చాలించిన ఒక బడిపంతులు తన ముత్తాతను వెదకుచున్నాడనుకొందము. తెలిసినదానినుండి తెలియనిదానికి, దగ్గరనుండి దూరమునకు నడచుట మొదటి సూత్రము. 1911 కాగితములో ముత్తాత 62 యేండ్ల నూలుమిల్లు కార్మికుడు. పుట్టినది తూర్పున నార్ఫోక్ మండలములోని ఒక పల్లె. 1881 పుస్తకములో భార్య, బిడ్డలతో కనబడినాడు. 1851లో ఆ పల్లెలోనే రెండేండ్ల పసివాడు. తండ్రి 30 యేండ్ల వ్యవసాయకూలి, పుట్టినది పొరుగూరు. ఇక పొరుగూరి చర్చి చిట్టాలో 1821 ప్రాంతపు బాప్తిస్మములను వెదకవలెను. అచ్చట ఆ కూలివాని తండ్రి పేరు, తల్లి పేరు, తండ్రి వృత్తి దొరకును. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క తరము.

తొందరపడువాడు జారిపడునదియు ఇచ్చటనే. ఆ పొరుగూరిలో అదే పేరుగల బాలురు ఇరువురుండిరనుకొందము. ఒకడు మూడవ యేటనే ఖననము చేయబడినాడు. ఖననపు చిట్టాను చూడనివాడు ఆ చనిపోయిన పసివానినే తన పూర్వికుడని వంశవృక్షమున కెక్కించును. లెక్కలవాడు తాను విన్నట్లు పేరు వ్రాసినాడు. ఒకే యింటిపేరు నాలుగు విధములుగా కనబడును. పదేండ్ల కొకసారి లెక్క జరిగినను కొందరి వయస్సు ఏడేండ్లే పెరుగును. 1752కు పూర్వము ఇంగ్లండున సంవత్సరము మార్చి 25వ తేదీన మొదలయ్యెడిది. కనుక హామ్నెట్ బాప్తిస్మము జరిగిన ఫిబ్రవరి ఆనాటి లెక్కలో ఇంకను 1584. నేడు ఈ చిట్టాల ఛాయలను ఇంటిలో కూర్చుండి కంప్యూటరు తెరమీద చూడవచ్చును. ఒకడు చేసిన తప్పును నూరుగురు క్షణములో నకలు చేసికొనుటయు అంతే సులభమైనది.

వెదకగా వెదకగా దొరకునది తరచుగా మనము కోరినది కాదు. ప్రభువంశము దొరకునని బయలుదేరినవానికి పారిష్ ధర్మముమీద బ్రతికిన వితంతువు ఎదురగును. 1662 చట్టముచొప్పున పేదవాడు ఏ పారిష్‌కు చెందునో ఆ పారిష్ అతనిని పోషింపవలెను. అందుచేత ఊరిపెద్దలు పరదేశి పేదలను ప్రశ్నించి వెనుకకు పంపిరి. ఆ విచారణ పత్రములు మిగిలియున్నచోట నిరుపేద జీవితకథ అతని నోటి మాటగా దొరకును. తండ్రి పేరు లేని పసివాని పంక్తిలో మతాచార్యుడు కఠినమైన మాటనొకటి వ్రాసియుండును. అది ఆ బిడ్డ చేసిన నేరము కాదు. అయినను నాలుగువందల యేండ్లుగా చెరగక నిలిచియున్నది.

ఈ చిట్టాలకును మన దేశమునకును సంబంధము లేకపోలేదు. కంపెనీ కాలమునుండి మద్రాసు రాజధానిలోని చర్చిల చిట్టాలకు నకళ్లు లండనుకు పోయినవి; అవి నేడు బ్రిటిషు లైబ్రరీలో ఉన్నవి. అంతకంటె పాతదైన పంక్తి యొకటి లండను నగరములోని సెయింట్ డయోనిస్ బ్యాక్‌చర్చ్ చిట్టాలో కలదు. కంపెనీ మతాచార్యుడు పాట్రిక్ కోప్లండ్ 1614లో బంగాళాఖాత తీరమునుండి ఒక బాలుని వెంటబెట్టుకొని పోయెను. 1616 డిసెంబరు 22వ తేదీన ఆ బాలునికి బాప్తిస్మ మిచ్చి పీటర్ అని పేరు పెట్టిరి. ఆ పేరును నిర్ణయించినవాడు మొదటి జేమ్స్ రాజు. తల్లి అతనిని ఏ పేరుతో పిలిచెడిదో ఆ చిట్టా అడుగలేదు, కనుక చెప్పదు. అతడు మన తెలుగు తీరపువాడే యనుకొన్నచో మనకు సంతోషము కలుగును. కాని చిట్టా చెప్పనిదానిని చెప్పినట్లు వ్రాసికొనుట శోధన కాదు, కోరిక.

వంశగర్వమునకు విరుగుడు చిన్న గణితములో నున్నది. తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు. పది తరములు వెనుకకు పోయినచో ఆ తరమున 1024 స్థానములు. వారిలో ఒక్కరు గొప్పవారని విఱ్ఱవీగుటకు మిగిలిన 1023 మందిని మరచిపోవలెను. చిట్టాలు వారిని మరువనీయవు. వెదకువాడు గర్వముతో బయలుదేరినను వినయముతో తిరిగివచ్చును. అదియే ఈ విద్యకు ఫలము.

ఇది పరదేశపు ముచ్చటయని ఉపాధ్యాయ మిత్రులు అనుకొనరాదు. పిల్లవాని పుట్టిన తేదీ పెద్దలకు తెలియనపుడు పంతులుగారు తోచిన తేదీ వేసి బడిలో చేర్చుకొనుట మన పల్లెలలో చిరకాలము నడచినది. నా సర్టిఫికెట్టులోని తేదీయు అట్టిదే. మా అమ్మ చెప్పిన తిథి వేరు. నా ఉద్యోగము, నా పింఛను నడచునది పంతులుగారి తేదీతో. జనాభా లెక్కలకు ఇంటింటికి తిరుగువారును మన దేశమున చాలవరకు ఉపాధ్యాయులే. గుమ్మములో నిలుచున్న వృద్ధురాలి పేరును మరియొకమారు అడిగి, విన్నది సరియేనా యని చదివి వినిపించి వ్రాయుటకు పట్టునది ఒక్క నిమిషము. ఆమెను వెదకుచు ఎవరైన వచ్చునాటికి ఆమెకు మిగులునది ఆ పంక్తి యొక్కటియే కావచ్చును.