టైల్స్ కింద దాగే ఖర్చు: బాత్‌రూమ్ బాగుచేతకు లెక్క కట్టడం

ఇంటి మొత్తంలో చిన్న గది బాత్‌రూమే అయినా, చదరపు అడుగుకు పెట్టే ఖర్చులో దానితో పోటీ పడేది వంటగది ఒక్కటే. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పున్న చోట్లోకి మేస్త్రి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, టైల్స్ పనివాడు, తలుపు బిగించే వడ్రంగి వంతులవారీగా దిగుతారు. ఒకరు ముగించిన పని మీదే తర్వాతివారి పని నిలబడుతుంది. నేల కింద పైపు కారితే పైనున్న ఖరీదైన టైలు పగలాల్సిందే. అందుకే ఈ ఖర్చు లెక్క షోరూములో కాదు, ఇంట్లో టేపు పట్టుకుని మొదలవ్వాలి. షోరూములో మొదలైన లెక్కలో కంటికి కనిపించేవాటికే డబ్బంతా కేటాయించి, కనిపించనివాటికి మిగిలినదానితో సరిపెట్టడం జరుగుతుంది.

మొదట తేల్చుకోవలసింది పని ఎంత లోతుకు వెళ్లాలన్నది. కుళాయిలు పాతబడి, టైల్స్ సందుల్లో గ్రౌట్ నల్లబడినంత మాత్రాన గది మొత్తం పగలగొట్టనక్కరలేదు. గ్రౌట్ గీకి కొత్తది నింపి, కుళాయిలు, కమోడ్, అద్దం మారిస్తే గదికి కొత్త కళ వస్తుంది. టైల్స్ రూపు నచ్చకపోతే పాత టైల్స్ మీదే జిగురుతో కొత్తవి అంటించే పద్ధతి ఉంది. దీనివల్ల పగలగొట్టే కూలి, మట్టి మోసే ఖర్చు, దుమ్ము తప్పుతాయి. అయితే పాత టైల్స్‌ను వేలి కణుపుతో కొట్టి చూసినప్పుడు బోలు శబ్దం రాకూడదు. నేల అర అంగుళం వరకూ లేస్తుంది కాబట్టి తలుపు కింది అంచు కోయాలి, నీళ్లు పోయే ట్రాప్ జాలీని పైకి తేవాలి. అన్నిటికంటే ముఖ్యం, లీకు ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు. కింది ఇంటి పైకప్పు మీద తేమ మరక కనిపిస్తున్నా, పక్క గది గోడకు రంగు పొంగి రాలుతున్నా, స్లాబు దాకా తవ్వి చూడటం తప్ప దారి లేదు.

అపార్ట్‌మెంట్లలో ఈ తవ్వకం ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే బాత్‌రూమ్ నేలను ఎలా కడతారో చూడాలి. చాలా భవనాల్లో బాత్‌రూమ్ ఉన్న మేరకు స్లాబును అర అడుగు నుంచి అడుగు దాకా కిందికి దించి పోస్తారు. ఆ పల్లంలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతోనో తేలికపాటి పొడితోనో నింపి, పైన గచ్చు చేసి టైల్స్ వేస్తారు. కాలం గడిచేకొద్దీ గ్రౌట్ సందుల్లోంచీ, కమోడ్ చుట్టూ వచ్చిన పగుళ్లలోంచీ రోజూ కొంచెం కొంచెంగా నీరు కిందికి దిగుతుంది. బయటికి పోయే దారి లేక ఆ పల్లంలోనే నిలుస్తుంది. పైన నేల పొడిగా కనిపిస్తున్నా కింద ఇటుక ముక్కలు నానుతూ ఉంటాయి. చివరికి నీరు స్లాబులోంచి దిగి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. ఈలోగా కింది ఇంటివాళ్లతో మాటలు చెడతాయి.

కాబట్టి పూర్తిగా పగలగొట్టే పనిలో అసలు ప్రాణం వాటర్‌ప్రూఫింగ్. స్లాబు శుభ్రంగా కడిగి, పైపులు స్లాబులోంచి దిగే రంధ్రాల చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్‌తో పూడ్చాలి. గోడా నేలా కలిసే మూలలను సిమెంటుతో గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే పగులు మొదట వచ్చేది అక్కడే. ఆ మూలల్లో జాలీ గుడ్డ పెట్టి, సిమెంటుతో కలిపే పాలిమర్ పూతను ఒకసారి నిలువుగా, అది ఆరాక ఇంకోసారి అడ్డంగా వేస్తారు. పూత గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు, షవర్ పడే గోడ మీద మనిషి ఎత్తు దాకా పోవాలి. పల్లం అడుగున నీరు బయటికి పోయేలా చిన్న పైపు ఒకటి పెట్టించుకుంటే భవిష్యత్తులో ఎప్పుడైనా నీరు దిగినా నిలవదు. పూత ఆరాక నీళ్లు నింపి 48 గంటలు వదిలేసి, కింది ఇంటికి వెళ్లి పైకప్పు చూసుకోవాలి. పనివాళ్లు తొందరపెట్టినా ఈ రెండు రోజులు వదులుకోకూడదు. పల్లం నింపి గచ్చు చేశాక, టైల్స్ వేసేముందు పైన ఇంకో విడత పూత వేస్తేనే ఇటుక ముక్కలదాకా నీరు చేరదు.

ఇక పైపులు. 1990ల నాటి చాలా ఇళ్లలో గోడల్లో ఉన్నవి జీఐ ఇనుప పైపులు. లోపల తుప్పు, సున్నం పేరుకుని సగం మూసుకుపోయి ఉంటాయి. టైల్స్ కొత్తగా వేస్తూ వీటిని వదిలేయడం పెద్ద పొరపాటు. వేడినీటికి సీపీవీసీ పైపు వేయాలి. చన్నీటికి సీపీవీసీ అయినా యూపీవీసీ అయినా సరిపోతుంది, కానీ యూపీవీసీ వేడినీటికి తట్టుకోదు. గోడలో గాడి మూసేముందు పైపుల్లో చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి, కొన్ని గంటలపాటు మీటరు ముల్లు పడిపోకుండా నిలిచిందో లేదో చూడాలి. షవర్ డైవర్టర్‌లో సగభాగం గోడలోనే ఉండిపోతుంది. పైన కనిపించే హ్యాండిల్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, లోపలి భాగం మార్చాలంటే టైల్ పగలాలి. డబ్బు తక్కువైతే తళుకు తగ్గించుకుని లోపలి భాగం మంచి కంపెనీది తీసుకోవాలి.

కమోడ్ ఎక్కడుందో అక్కడే ఉంచితే ఖర్చు సగం అదుపులోకి వచ్చినట్టే. నాలుగంగుళాల మలం పైపు స్లాబులోంచి దిగే చోటు మారిందంటే పైపుకు వాలు సరిపోదు, నేల ఎత్తు పెంచాలి, స్లాబుకు కన్నం పెట్టాల్సి రావచ్చు. వాస్తు కోసం కమోడ్‌ను ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరపాలనుకునేవారు అపార్ట్‌మెంట్లో ఆ కోరికకు అయ్యే ఖర్చును ప్లంబర్ చేత ముందే లెక్క వేయించుకోవాలి. భవనం అసోసియేషన్ అనుమతి కూడా కావాలి. పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పుల వల్ల ఇండియన్ కమోడ్ తీసి వెస్టర్న్ పెట్టించడం ఈ మధ్య ఎక్కువైంది. పాత కమోడ్, దాని కింద ట్రాప్ నేలలో పాతి ఉంటాయి కాబట్టి అక్కడ నేల తవ్వక తప్పదు. ఈ మార్పును కమోడ్ ఖరీదుగా మాత్రమే రాసుకుంటే లెక్క తప్పుతుంది. కొత్తది కొనేముందు పైపు కిందికి దిగుతోందా, గోడలోకి పోతోందా చూసుకోవాలి. కిందికి దిగేదైతే గోడ నుంచి పైపు మధ్యకు ఎన్ని అంగుళాలో కొలవాలి. బజారులో ఎక్కువగా దొరికేవి తొమ్మిది అంగుళాలవి, పన్నెండు అంగుళాలవి. టైల్ వేశాక గోడ ముందుకు వస్తుంది కాబట్టి ఆ మందాన్ని ముందే తీసివేయాలి.

టైల్స్ లెక్క సులువు. ఎనిమిది, అయిదు అడుగుల గదికి చుట్టుకొలత 26 అడుగులు. ఏడడుగుల ఎత్తు దాకా వేస్తే గోడలు 182 చదరపు అడుగులు. అందులో రెండున్నర అడుగుల తలుపుకు పదిహేడున్నర తీసేయాలి. నేల 40 కలిపితే సుమారు 205. కోతలకు, విరిగేవాటికి పది శాతం చేర్చితే 225 చదరపు అడుగులు కొనాలి. సుమారు అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున్న గోడ టైల్స్ పెట్టెలో అయిదు ఉంటే అది దాదాపు తొమ్మిది ముప్పావు చదరపు అడుగులకు వస్తుంది. పెట్టె మీద ఉండే బ్యాచ్ సంఖ్య అన్నిటికీ ఒకటే ఉండాలి, లేకపోతే రంగులో తేడా గోడ మీద తెలుస్తుంది. గోడకు వాడే సిరామిక్ టైల్ నీరు ఎక్కువ పీల్చుతుంది, గట్టిదనమూ తక్కువ, దాన్ని నేలకు వాడకూడదు. నేలకు గరుకు పూత ఉన్న, జారని టైల్ కావాలి. చిన్న సైజు టైల్ వేస్తే సందులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది, ట్రాప్ వైపు వాలు కుదరడమూ తేలిక. తడి నేల మీద జారిపడి తుంటి ఎముక విరిగితే అయ్యే ఆసుపత్రి ఖర్చు ముందు ఈ ఎంపిక ధర లెక్కలోది కాదు.

ఇప్పుడు మొత్తం ఎంతవుతుందో చూద్దాం. ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి ధరలు మారతాయి కాబట్టి కింది అంకెలు లెక్క వేసే తీరును చూపేందుకు అనుకున్నవే. టైల్ సగటున చదరపు అడుగుకు 60 రూపాయలైతే 13,500. వేసే కూలి 50 చొప్పున 205 అడుగులకు 10,250. పగలగొట్టి మట్టి తరలించేందుకు 10,000. వాటర్‌ప్రూఫింగ్ 100 చదరపు అడుగులకు 80 చొప్పున 8,000. పైపులు, ప్లంబర్ కూలి కలిపి 27,000. సిమెంటు, ఇసుక, జిగురు, గ్రౌట్ 12,000. కమోడ్ 12,000. బేసిన్, కుళాయిలు, షవర్, డైవర్టర్ 18,000. గీజర్ 9,000, వైరింగ్ 6,000. నీటికి ఉబ్బని తలుపు 7,000. ఎగ్జాస్ట్ ఫ్యాన్, అద్దం, టవల్ రాడ్లు 5,000. అంతా కలిపితే 1,37,750 రూపాయలు.

ఈ మొత్తంలో వాటర్‌ప్రూఫింగ్ వాటా ఆరు శాతం కూడా లేదు. దాన్ని పూర్తిగా ఎగ్గొట్టినా మిగిలేది ఎనిమిది వేలే. కానీ రెండేళ్లకు లీకు మొదలైతే టైల్స్, వేసే కూలి, పగలగొట్టే కూలి, సిమెంటు సామాను, వాటర్‌ప్రూఫింగ్ అన్నీ మళ్లీ పెట్టాలి. పై లెక్క ప్రకారమే అది 53,750 అవుతుంది, కింది ఇంటి పైకప్పు మరమ్మతు వేరు. ఎక్కడ తగ్గించుకోవాలంటే కుళాయిల దగ్గర, అద్దం దగ్గర, గోడ మధ్య పెట్టే డిజైన్ టైల్ దగ్గర తగ్గించుకోవచ్చు. కుళాయిలు, అద్దం తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఈ మొత్తం మీద పదిహేను శాతం, అంటే మరో ఇరవై వేల పైచిలుకు, విడిగా పక్కన పెట్టుకోవాలి. నేల తవ్వాక స్లాబులో తుప్పు పట్టిన చువ్వలు బయటపడవచ్చు, గోడ ప్లాస్టరింగ్ ఊడి రావచ్చు. ఇవి తవ్వేదాకా ఎవరికీ కనిపించవు. దుకాణంలో చెప్పే ధర పన్నుతో కలిపా, కాదా అన్నదీ అడిగి తీరాలి. టైల్స్, శానిటరీ సామాను మీద జీఎస్టీ 18 శాతం. సిమెంటు మీద 28 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి తగ్గింది. 50,000 సామానుకు పన్ను విడిగా వేస్తే 9,000 పెరుగుతుంది. బిల్లు లేకపోతే గ్యారంటీ కార్డుకు విలువ ఉండదు.

నీటి తీరూ ఖర్చును మారుస్తుంది. హైదరాబాద్ శివారుల్లో బోరు నీళ్ల మీద ఆధారపడే ఇళ్లలో సున్నం షవర్ రంధ్రాలను, గీజర్ కాయిల్‌ను పూడ్చేస్తుంది. అక్కడ రబ్బరు బొడిపెలున్న షవర్ తీసుకుంటే వేలితో రుద్ది శుభ్రం చేసుకోవచ్చు. విశాఖలాంటి సముద్ర తీరాన ఉప్పు గాలికి చౌక రకం క్రోమ్ పూత త్వరగా చుక్కలు తేలుతుంది, కొక్కేలు, తలుపు బందులు స్టెయిన్‌లెస్ స్టీలువి అయితే నయం.

కరెంటు విషయంలో బేరమే లేదు. రెండు కిలోవాట్ల గీజర్ దాదాపు తొమ్మిది ఆంపియర్లు, మూడు కిలోవాట్లది పదమూడు ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పాయింటు, విడి ఎంసీబీ, మంచి రాగి తీగ, ఎర్తింగు ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు తెంపేసే ఆర్‌సీసీబీ ఇంటి బోర్డులో లేకపోతే ఈ పనితోపాటే పెట్టించాలి. తడి ఒంటితో మనిషి ఉండే గది ఇది.

మేస్త్రితో మాట టోకుగా కుదుర్చుకున్నా, అడుగు లెక్కన కుదుర్చుకున్నా కాగితం మీద రాసుకోవాలి. పగలగొట్టిన మట్టి ఎవరు తీయాలి, లిఫ్టు లేని మూడో అంతస్తుకు సామాను ఎవరు మోయాలి, కిటికీ పట్టీ, గడప రాయి ధరలో ఉన్నాయా లేవా అన్నచోటే ఎక్కువ తగాదాలు వస్తాయి. మట్టిని రోడ్డు పక్కన, నాలాలో పోస్తే జరిమానా పడుతుంది. హైదరాబాద్‌లో నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. తరలింపు రుసుమును లెక్కలో చేర్చుకోవాలి. పూర్తి పనికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇంట్లో ఒక్కటే బాత్‌రూమ్ ఉంటే అన్నాళ్లూ స్నానాలు ఎక్కడన్నదీ ముందే ఆలోచించాలి. కొన్ని రోజులు బంధువుల ఇంటికి మారినా, గది అద్దెకు తీసుకున్నా అదీ ఈ పని ఖర్చే.

డబ్బు పని జరిగిన మేరకే ఇవ్వాలి. మొదట అడ్వాన్సు, నీళ్లు నింపి చూసే పరీక్ష నెగ్గాక ఒక వాయిదా, పైపుల ఒత్తిడి చూశాక ఇంకొకటి, టైల్స్ అయ్యాక మరొకటి. గోడ మూసేముందు పైపులు పోయే దారిని పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకుంటే, తర్వాత మేకు కొట్టేటప్పుడు పైపుకు తగలదు. ఒక పెట్టె టైల్స్ మిగుల్చుకోవాలి, ఆ డిజైన్ ఏడాది తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు. చివరి పది శాతం డబ్బు ఇచ్చేముందు నేల మీద నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఎక్కడా నిలవకుండా ట్రాప్‌లోకి పోతున్నాయో లేదో చూడాలి. ఫ్లష్ వరుసగా కొన్నిసార్లు నొక్కి, గీజర్ ఓ పూట నడిపి, కుళాయిల మెడల దగ్గర పొడిగుడ్డతో తుడిచి తడి లేదని చూసుకున్నాకే ఆ మిగిలిన మొత్తం చెల్లించాలి.